కపిల్‌దేవ్ హాజరు పట్టీ

క్యాంపుల్లో కపిల్‌దేవ్ మాట వస్తే రెండే సంగతులు వినిపిస్తాయి. ఒకటి, 1983లో లార్డ్స్ మైదానం బాల్కనీలో అతను ఎత్తిన ప్రపంచ కప్పు. రెండోది, 1986లో షార్జాలో జావెద్ మియాందాద్ ఆఖరి బంతికి కొట్టిన సిక్సరు. మొదటిది చెప్పి మనవాళ్లు మీసం తిప్పుతారు. రెండోది చెప్పి పక్క గది పాకిస్తానీ సోదరులు మనల్ని ఆట పట్టిస్తారు. 2021లో వచ్చిన ‘83’ సినిమా తెలుగులో కూడా ఆడింది కాబట్టి, కొత్తగా వచ్చిన కుర్రవాళ్లలో కపిల్‌ని ఆ సినిమాతోనే ఎరిగినవాళ్లు కూడా ఉన్నారు.

ఈ రెండు సంగతులూ నిజమే. కానీ 16 ఏళ్లు ఆడిన మనిషిని ఒక ఫొటోతో, ఒక బంతితో తేల్చేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

మేము సైట్ ఆఫీసుల్లో టైంషీట్లు రాసే గుమాస్తాలం. పనికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎన్ని గంటలు చేశారు అని రోజూ రాసుకోవడమే మా ఉద్యోగం. అందుకని కపిల్‌ని కూడా మేము మా పద్ధతిలోనే చూస్తాం. ముందు అతని హాజరు పట్టీ తీస్తాం. ఆ పట్టీ చూసిన తర్వాత కప్పు గురించి మాట్లాడుకోవచ్చు, సిక్సరు గురించీ మాట్లాడుకోవచ్చు.

132కి 131

కపిల్‌దేవ్ మొదటి టెస్టు 1978 అక్టోబరులో పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో ఆడాడు. ఆఖరి టెస్టు 1994 మార్చిలో న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఆడాడు. ఈ మధ్య కాలంలో భారత జట్టు ఆడిన టెస్టులు 132. కపిల్ ఆడినవి 131. అంటే 16 ఏళ్ల లెక్కలో ఒకే ఒక్క గైర్హాజరు! అది కూడా జ్వరం వచ్చో, కాలు బెణికో కాదు. ఆ ఒక్కసారి సెలెక్టర్లే అతన్ని పక్కన పెట్టారు. ఆ సంగతి తర్వాత చెబుతాం.

బ్యాట్స్‌మన్ ఇలా ఆడితే పెద్ద వింత కాదు. స్పిన్నర్ ఆడినా సరే అనుకోవచ్చు. ఫాస్ట్ బౌలర్ ఆడటం వేరే సంగతి. ఫాస్ట్ బౌలింగ్ అంటే కూలి పని లాంటిదే. దూరం నుంచి పరుగెత్తి రావాలి, ఒంటి బరువంతా ఒక కాలి మీద వేసి దూకాలి, నడుము వంచి విసరాలి, మళ్లీ వెనక్కి నడవాలి. టెస్టుల్లోనే కపిల్ 27,740 బంతులు వేశాడు. అదీ ఎండలో, మన దేశపు పొడి పిచ్‌ల మీద. ఆ పిచ్‌ల మీద బంతి లేవదు, స్పిన్నర్లకు తప్ప ఎవరికీ సాయం ఉండదు. వేడిలో స్లాబ్ మీద పనిచేసేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

కపిల్ రాక ముందు మన జట్టులో కొత్త బంతికి విలువే ఉండేది కాదు. మన హైదరాబాద్ ఆబిద్ అలీ లాంటి మీడియం పేసర్లు నాలుగు ఓవర్లు వేసి మెరుపు పోగొడితే, వెంటనే బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్ చేతికి బంతి వెళ్లేది. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ గవాస్కర్ చేత కూడా కొత్త బంతి వేయించిన రోజులున్నాయి.

చండీగఢ్ కుర్రవాడిగా కపిల్ బొంబాయిలో ఒక శిక్షణ శిబిరానికి వెళ్లినప్పటి సంగతి అతనే చాలాసార్లు చెప్పాడు. అప్పటికి 15 ఏళ్లవాడు. ఎండలో రోజంతా బౌలింగ్ చేసి వస్తే భోజనంలో రెండు ఎండు చపాతీలు పెట్టారట. ఇవి చాలవు, నేను ఫాస్ట్ బౌలర్‌ని, కడుపు నిండా తిండి కావాలి అని అడిగితే, అక్కడి పెద్దమనిషి నవ్వి, ఇండియాలో ఫాస్ట్ బౌలర్లు ఎక్కడున్నారు అన్నాడట. మెస్ కూడు తినే మనకు ఆ చపాతీల బాధ బాగా తెలుసు. కపిల్ ఆ మాటకు జవాబు నోటితో చెప్పలేదు. 434 వికెట్లతో చెప్పాడు.

1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ టెస్టు చూడండి. ఆస్ట్రేలియా గెలవడానికి కావలసింది 143 పరుగులే. కపిల్‌కి కాలి కండరం పట్టేసింది, ముందు రోజు సాయంత్రం బౌలింగ్ చేయలేకపోయాడు. ఆఖరి రోజు నొప్పి మందు వేసుకుని దిగాడు. 28 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 83కే ముగిసింది. సిరీస్ సమానమైంది.

రెండు డ్యూటీలు, ఒకే మనిషి

ఆల్‌రౌండర్ అంటే రెండు డ్యూటీలు చేసేవాడు. పొద్దున ఇరవై ఓవర్లు వేసిన మనిషే సాయంత్రం ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్‌కి దిగాలి. కపిల్ టెస్టుల్లో 5,248 పరుగులు చేశాడు, 8 సెంచరీలు కొట్టాడు. టెస్టుల్లో 5 వేల పరుగులు, 400 వికెట్లు రెండూ ఉన్న మనిషి ప్రపంచంలో ఇప్పటికీ అతనొక్కడే. 184 సార్లు బ్యాటింగ్ చేసి ఒక్కసారి కూడా రనౌట్ కాలేదు. వన్డేల్లో 225 మ్యాచ్‌లు, 3,783 పరుగులు, 253 వికెట్లు.

దీని మీద మూడో డ్యూటీ కెప్టెన్సీ. 1983 మొదట్లో గవాస్కర్ నుంచి కపిల్‌కి కెప్టెన్సీ వచ్చేటప్పటికి అతనికి 24 ఏళ్లు. సైట్ల మీద ఫోర్‌మన్లు రెండు రకాలు. నీడలో నిలబడి చెయ్యి చూపేవాడు ఒకడు. మనిషి తక్కువైతే తనే పార పట్టేవాడు ఇంకొకడు. కపిల్ రెండో రకం. అందుకు సాక్ష్యం 1983 జూన్ 18.

కెమెరా లేని రోజు

ఆ రోజు ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే చిన్న ఊళ్లో మన మ్యాచ్ జింబాబ్వేతో. అంతకు ముందు రెండు ప్రపంచ కప్పుల్లో కలిపి మనం గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ 1975లో తూర్పు ఆఫ్రికా మీద. ఈసారి మొదటి మ్యాచ్‌లోనే వెస్టిండీస్‌ని ఓడించినా, తర్వాత రెండు చిత్తుగా ఓడాం. జింబాబ్వే మీద ఓడితే ఇంటికి వెళ్లిపోయే పరిస్థితి. మనం ముందు బ్యాటింగ్. 9 పరుగులకు 4 వికెట్లు. 17కి 5 వికెట్లు!

అక్కడ కపిల్ ఏం చేశాడో చూడండి. వచ్చీరాగానే గుడ్డిగా బాదలేదు. బిన్నీతో 60 పరుగులు కూడబెట్టాడు. మదన్‌లాల్‌తో 62. స్కోరు 8 వికెట్లకు 140 ఉన్నప్పుడు కిర్మాణీ వచ్చాడు. ఇద్దరూ కలిసి ఔట్ కాకుండా 126 పరుగులు చేశారు. అందులో కిర్మాణీవి 24. మొత్తం 266, కపిల్ 175 నాటౌట్. 138 బంతులు, 16 ఫోర్లు, 6 సిక్సర్లు. వన్డేల్లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. జింబాబ్వే 235కి ఔటైంది. మనం 31 పరుగులతో బతికి బయటపడ్డాం.

ఆ ఆటను టీవీ వాళ్లు తీయలేదు. బీబీసీ సిబ్బంది సమ్మెలో ఉన్నారని చెబుతారు. కాబట్టి మన క్రికెట్ చరిత్రలో అంత పెద్ద ఇన్నింగ్స్‌కి ఈనాటికీ వీడియో లేదు. సినిమా వాళ్లు మళ్లీ నటించి చూపించారే తప్ప, అసలుది మైదానంలో ఉన్నవాళ్లు మాత్రమే చూశారు.

మరి 175 అని మనకెలా తెలుసు? స్కోరర్ రాశాడు కాబట్టి తెలుసు. ఒక బల్ల దగ్గర కూర్చుని, బంతి బంతికీ పుస్తకంలో గుర్తు పెట్టిన మనిషి ఉన్నాడు కాబట్టి తెలుసు. ఆ మనిషి బద్ధకించి పది పరుగులు తక్కువ రాసి ఉంటే కపిల్ ఖాతాలో 165 మాత్రమే ఉండేవి. మా గుమాస్తాలకు ఈ మ్యాచ్ అందుకే మిగతా మ్యాచ్‌ల కంటే ఇష్టం. పని చేసేవాడు ఎంత గొప్పగా చేసినా, రాసేవాడు సరిగ్గా రాయకపోతే ఆ పని గాలికి పోతుంది.

క్యాంపు సోదరులకు ఇక్కడొక మాట చెప్పాలి. మీరు చేసే పనిని కూడా ఏ కెమెరా తీయదు. రాత్రి పదింటి వరకు కాంక్రీటు పోసిన సంగతి మీకు, మీ ఫోర్‌మన్‌కి, టైంషీట్ రాసేవాడికి మాత్రమే తెలుసు. ఈ ఎమిరేట్స్ చట్టంలో ఓవర్‌టైమ్ గంటకు మూల వేతనం మీద కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని ఉంది. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపు గంటలకైతే, షిఫ్టు డ్యూటీ కాని వాళ్లకు, 50 శాతం. కానీ గంట లెక్కలో పడితేనే కదా డబ్బు! అందుకని ప్రతి మనిషీ చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, సైటు, ఎక్కిన టైము, దిగిన టైము రోజూ రాసుకోండి. చదువు రాని తమ్ముడికి పక్క మంచం వాడు రాసిపెట్టండి. జీతం రోజు మాటకు మాట వచ్చినప్పుడు మీ స్కోరు పుస్తకం అదే.

మా తోటి గుమాస్తాలకు కూడా ఒక మాట. 1987 ప్రపంచ కప్పులో కపిల్ చేసిన పని గుర్తుంచుకోండి. అక్టోబరు 9న మద్రాసులో మొదటి మ్యాచ్, ఆస్ట్రేలియాతో. డీన్ జోన్స్ కొట్టిన ఒక బంతి నేల తాకి గీత దాటిందా, నేరుగా దాటిందా అని అనుమానం వచ్చింది. మన ఫీల్డరు ఫోర్ అన్నాడు, ఫోరే రాశారు. ఇన్నింగ్స్ అయ్యాక ఆస్ట్రేలియా మేనేజర్ వచ్చి అది సిక్సరు అన్నాడు. కపిల్ ఒప్పుకోకపోతే అడిగే నాథుడు లేడు. అతను ఒప్పుకున్నాడు. 268 కాస్తా 270 అయింది. మనం 269కి ఆలౌటయ్యాం. ఒక్క పరుగుతో ఓడాం!

కొందరు దీన్ని తెలివితక్కువతనం అంటారు. మేము అనం. రిజిస్టరులో తప్పు ఉందని తెలిసినప్పుడు, దిద్దితే మనకు నష్టం వచ్చినా, దిద్దాల్సిందే. మన గంటలు సరిగ్గా రాయమని అడిగే హక్కు అలాంటి వాళ్లకే ఉంటుంది.

ఒక్క షాట్, ఒక్క బంతి

ఇప్పుడు ఆ ఒక్క గైర్హాజరు సంగతి. ప్రపంచ కప్పు తెచ్చిన ఏడాదే, 1983 చివర్లో, వెస్టిండీస్ మన గడ్డ మీదకి వచ్చి టెస్టుల్లో 3-0తో ఓడించి పోయింది. ఆ సిరీస్‌లో అహ్మదాబాద్‌లో కపిల్ ఒక్కడే ఒక ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 9 వికెట్లు తీశాడు. అయినా బ్యాటింగ్‌లో జట్టు 103కే కూలిపోయి ఓడింది. ఓటమి కెప్టెన్ లెక్కలో పడింది, తర్వాత కెప్టెన్సీ మళ్లీ గవాస్కర్‌కి వెళ్లింది.

1984 డిసెంబరులో ఢిల్లీలో ఇంగ్లండ్‌తో టెస్టు. నిలబడి ఆడాల్సిన చోట కపిల్ ఒక సిక్సరు కొట్టి, వెంటనే ఇంకోటి కొట్టబోయి ఔటయ్యాడు. మ్యాచ్ పోయింది. బాధ్యత లేకుండా ఆడారని కపిల్‌నీ, సందీప్ పాటిల్‌నీ కలకత్తా టెస్టు నుంచి తీసేశారు. అప్పటికి వరుసగా 66 టెస్టులు ఆడిన మనిషిని ఒక్క షాట్ చూసి పక్కన పెట్టారు.

ఆ కలకత్తా టెస్టులోనే మన హైదరాబాద్ అజారుద్దీన్ మొదటిసారి ఆడి 110 పరుగులు కొట్టాడు. వరుసగా మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. మన తెలుగువాళ్లు అజర్ సెంచరీని గుర్తుంచుకున్నారు. కపిల్ ఏకైక గైర్హాజరు కూడా ఆ మ్యాచే అని చాలామందికి తెలియదు. కపిల్ అలిగి కూర్చోలేదు. తర్వాతి టెస్టుకి మద్రాసులో హాజరు. అక్కడి నుంచి మళ్లీ వరుసగా 65 టెస్టులు.

ఇక షార్జా. 1985 మార్చి 22, శుక్రవారం. అప్పట్లో ఇక్కడ వారం సెలవు శుక్రవారమే. కెప్టెన్సీ మళ్లీ కపిల్ చేతికి వచ్చింది. ఇమ్రాన్ ఖాన్ 14 పరుగులకు 6 వికెట్లు తీసి మనల్ని 125కే చుట్టేశాడు. అందులో అజర్ 47, కపిల్ 30. మిగతావాళ్లు చెప్పుకోదగ్గది లేదు. ఆట అయిపోయిందనే అందరూ అనుకున్నారు. పాకిస్తాన్ 87కి ఆలౌట్! కపిల్‌కి 17 పరుగులకు 3 వికెట్లు. స్లిప్‌లో నాలుగు క్యాచ్‌లు పట్టింది ఎవరు? గవాస్కర్. ఎవరి దగ్గరి నుంచి కెప్టెన్సీ వచ్చిందో, ఎవరికి పోయిందో, మళ్లీ ఎవరి నుంచి వచ్చిందో ఆ గవాస్కరే. వాళ్లిద్దరికీ పడదని పేపర్లు రాస్తూనే ఉన్నాయి. పని దగ్గర మాత్రం ఒకడు బంతి వేశాడు, ఇంకొకడు క్యాచ్ పట్టాడు.

1986 ఏప్రిల్ 18, అదే షార్జా, అదీ శుక్రవారమే. ఆస్ట్రలేషియా కప్పు ఫైనల్. మనం 245. ఆఖరి ఓవరుకి పాకిస్తాన్‌కి 11 పరుగులు కావాలి. కపిల్ తన ఓవర్లు పూర్తి చేసేశాడు. బంతి చేతన్ శర్మకి ఇచ్చాడు. చేతన్‌కి అప్పటికి 20 ఏళ్లు. ఆఖరి బంతికి 4 పరుగులు కావాలి, చేతిలో ఒకే వికెట్. యార్కర్ వేయబోతే చెయ్యి తప్పి ఫుల్‌టాస్ పడింది. మియాందాద్ దాన్ని స్టాండ్‌లోకి కొట్టాడు.

ఆ రోజు నుంచి చేతన్ శర్మ అంటే ఆ బంతి. కుర్రవాడిని దేశమంతా తిట్టింది. ఇప్పటికీ తిడుతున్నవాళ్లున్నారు. కానీ కపిల్ అతన్ని వదిలేయలేదు. రెండు నెలలు తిరక్కుండానే జూన్‌లో లార్డ్స్ టెస్టులో అదే చేతన్ మొదటి ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో కపిల్ 4 తీశాడు. లార్డ్స్‌లో భారత జట్టు గెలిచిన మొదటి టెస్టు అది, కపిల్ కెప్టెన్‌గా గెలిచిన మొదటి టెస్టు కూడా అదే. బర్మింగ్‌హామ్ టెస్టులో చేతన్‌కి 10 వికెట్లు. సిరీస్ 2-0. 1987 అక్టోబరు 31న నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద ప్రపంచ కప్పుల్లోనే మొట్టమొదటి హ్యాట్రిక్ ఎవరిది? అదే చేతన్ శర్మది. ముగ్గురినీ బౌల్డ్ చేశాడు. కెప్టెన్ కపిలే.

కప్పు గెలిచిన రోజు కూడా ఇలాంటిదే జరిగింది. 1983 జూన్ 25న ఫైనల్లో మనం చేసింది 183. రిచర్డ్స్ మదన్‌లాల్‌ని ఫోర్ల మీద ఫోర్లు కొడుతున్నాడు. ఇంకొక్క ఓవర్ ఇవ్వమని మదన్‌లాల్ అడిగాడు. కపిల్‌కి మనసు ఒప్పకపోయినా ఇచ్చాడు. ఆ ఓవర్‌లోనే రిచర్డ్స్ గాల్లోకి కొట్టాడు, కపిల్ వెనక్కి పరుగెత్తి క్యాచ్ పట్టాడు. వెస్టిండీస్ 140కి ఔట్. మదన్‌లాల్‌కి మళ్లీ బంతి ఇవ్వకపోతే ఆ క్యాచ్ లేదు, కప్పూ లేదేమో.

మా ఎరుకలో ఒక షటరింగ్ కార్పెంటర్ ఉన్నాడు. ఏడేళ్లు పని చేశాడు, ఒక్క మాట పడలేదు. ఒక రాత్రి కాంక్రీటు పోస్తుంటే అతను కొట్టిన షటరింగ్ పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కాంక్రీటు మాత్రం వృథా అయింది. మర్నాటి నుంచి క్యాంపులో అతని పేరే పోయి ‘పగిలినోడు’ అయింది. ఫోర్‌మన్ అతని చేత సామాన్లు మోయించాడే గాని మళ్లీ సుత్తి ఇవ్వలేదు. పేరు పెట్టి పిలిచిన వాళ్లు మాత్రం ఫోర్‌మన్ కాదు, మన సొంత మనుషులే. ఏడేళ్ల హాజరు పట్టీ ఎవరూ తీసి చూడలేదు. షార్జా సిక్సరు మాట వచ్చినప్పుడల్లా మాకు అతనే గుర్తుకొస్తాడు. మీ క్యాంపులోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు.

ఎదుటివాళ్ల మాట కూడా వినాలి

కపిల్‌ని పొగడటమే మా ఉద్దేశం కాదు. అతని మీద ఉన్న మూడు మాటలు కూడా చెప్పుకోవాలి.

మొదటిది పాకిస్తానీ సోదరులు అనేది. ఇమ్రానే గొప్ప ఆల్‌రౌండర్ అని. సగటు చూస్తే వాళ్ల మాట నిజమే. ఇమ్రాన్ ఒక్కో వికెట్‌కి ఇచ్చింది 23 పరుగుల లోపే, కపిల్ ఇచ్చింది దాదాపు 30. బ్యాటింగ్ సగటు కూడా ఇమ్రాన్‌దే ఎక్కువ. 1992లో అతను కూడా ప్రపంచ కప్పు గెలిచాడు. కానీ ఇమ్రాన్‌కి కాలి ఎముక దెబ్బతిని బౌలింగ్ చేయలేని రోజులున్నాయి, 1983 ప్రపంచ కప్పు కేవలం బ్యాట్స్‌మన్‌గా ఆడాడు. మొత్తం ఆడిన టెస్టులు 88. పనితనంలో ఇమ్రాన్‌కి మార్కులు వేయండి, హాజరులో కపిల్‌కి వేయండి. దీని కోసం గదిలో గిన్నెలు విసురుకోనక్కర్లేదు.

రెండోది కెప్టెన్‌గా 34 టెస్టుల్లో 4 మాత్రమే గెలిచాడని. అవును, 7 ఓడాడు కూడా. 1986 మద్రాసు టెస్టు టై అయింది, అందులో కపిల్ 119 కొట్టాడు. ఎత్తుగడల్లో అతను గొప్ప మేధావి అని మేము అనడం లేదు. 1987 సెమీఫైనల్లో బొంబాయిలో ఇంగ్లండ్ మీద 22 బంతుల్లో 30 కొట్టి, నిలబడాల్సిన చోట గాల్లోకి లేపి ఔటయ్యాడు. 35 పరుగులతో ఓడాం. కెప్టెన్సీ పోయింది, మళ్లీ రాలేదు. కానీ పదవి పోయినవాడు ఏం చేశాడన్నది కూడా చూడాలి. ఫోర్‌మన్‌ని హెల్పర్‌గా వేస్తే చాలామంది టికెట్ అడుగుతారు. కపిల్ ఇంకో ఆరేళ్లు వేరేవాళ్ల కింద ఆడాడు. 1990లో లార్డ్స్‌లో కెప్టెన్ మన అజారుద్దీన్. ఫాలోఆన్ తప్పడానికి 24 పరుగులు కావాలి, చివరి వికెట్, అవతల హిర్వాణీ. కపిల్ హెమ్మింగ్స్ బౌలింగ్‌లో వరుసగా నాలుగు సిక్సర్లు కొట్టి ఆ లెక్క తీర్చాడు. తర్వాతి ఓవర్‌లోనే హిర్వాణీ ఔట్! 1987లో జట్టును ముంచిన ఆ అలవాటే ఇక్కడ ఫాలోఆన్ తప్పించింది.

మూడోది, చివరి రెండేళ్లు రికార్డు కోసం ఈడ్చాడని. ఇది మాత్రం మేము ఒప్పుకుంటాం. హాడ్లీ 431 వికెట్ల రికార్డు దాటడానికి 1994 ఫిబ్రవరి 8 వరకు ఆగాల్సి వచ్చింది. అహ్మదాబాద్‌లో శ్రీలంక తిలకరత్నే 432వ వికెట్. బంతిలో వేగం అప్పటికే తగ్గిపోయింది. జవగళ్ శ్రీనాథ్ లాంటి కుర్రవాడు స్వదేశంలో టెస్టు ఆడకుండా బయట కూర్చోవాల్సి వచ్చింది. ఒక ఏడాది ముందే వదిలి ఉంటే ఇంకా బాగుండేది. ఎన్నాళ్లు పని చేయాలో, ఎప్పుడు కుర్రవాడికి దారి ఇవ్వాలో తెలుసుకోవడం ఎంత గొప్పవాడికైనా కష్టమే. ఆ రికార్డు 2000లో కోర్ట్నీ వాల్ష్ దాటాడు. రికార్డులు ఎవరికీ శాశ్వతం కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2000లో తోటి ఆటగాడొకడు కపిల్ మీద మ్యాచ్ ఫిక్సింగ్ డబ్బు మాట ఎత్తాడు. అంతటి మనిషి టీవీ ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. కోచ్ పదవి వదులుకున్నాడు. తర్వాత సీబీఐ విచారణలో అతని మీద నమ్మదగిన ఆధారం ఏదీ దొరకలేదు. ఆరోపణ వచ్చిన రోజు పెద్ద అక్షరాల్లో వేసిన పేపర్లు, ఆధారం లేదన్న రోజు అంత పెద్దగా వేయలేదు. క్యాంపులో ఎవరి మీదైనా దొంగతనం మాట వస్తే మనం చేసేది కూడా ఇదే కదా!

అందుకని మా విన్నపం ఇది. కపిల్‌దేవ్ ఫొటో గోడకు అంటించుకున్న సోదరులు అతని పట్టీ కూడా గుర్తుంచుకోండి: 132కి 131. మీ గంటలు మీరు రాసుకోండి. టైంషీట్ రాసే మేము ఉన్నది ఉన్నట్టు రాయాలి, రాయకపోతే వచ్చి నిలదీయండి. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ రాత్రి ఎవరు గెలిచినా తెల్లారి ఒకే బస్సు ఎక్కాలన్నది మరవకండి. మీ గదిలో పేరు పోగొట్టుకున్నవాడు ఒకడుంటే అతన్ని సొంత పేరుతో పిలవండి. మీరు ఫోర్‌మన్ అయితే అతనికి మళ్లీ సుత్తి ఇచ్చి చూడండి. షార్జా తర్వాత లార్డ్స్‌కి రెండు నెలలే పట్టింది.